మెలితిరిగిన కాంతి: కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం గల కిరణపుంజాల ఉత్పత్తి, నిర్ధారణ

వ్యాససంగ్రహం: తరంగాగ్రం మరమేకు చుట్టులా మెలితిరిగిన కాంతిపుంజం తన అక్షం చుట్టూ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగాన్ని మోస్తుంది. ఇటువంటి పుంజాన్ని తయారుచేయడానికి సర్పిల దశాపలక, ఫోర్క్ హోలోగ్రామ్, స్పేషియల్ లైట్ మాడ్యులేటర్, స్తూపాకార కటకాల జత, క్యూ-ప్లేట్ అనే అయిదు ప్రధాన సాధనాలున్నాయి. ఈ సాధనాలను సామర్థ్యం, ఖర్చు అనే ప్రమాణాలతో పోల్చడం పరిపాటి. అయితే ప్రతి సాధనంలోనూ కొంత లోపం తప్పదు గనుక, ఆ లోపం ఎక్కడికి పోతుందన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మధ్యలో చీకటి గల వలయం కనిపించినంత మాత్రాన కోణీయ ద్రవ్యవేగం ఉన్నట్లు నిర్ధారణ కాదనీ, ఉత్పత్తితో పాటే పరీక్ష కూడా జరగాలనీ వివరిస్తుంది.

కీలకపదాలు: కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం, తరంగాగ్రం, దశ, మెలిక సంఖ్య, ఫోర్క్ హోలోగ్రామ్, క్యూ-ప్లేట్, శుద్ధత.

1. ప్రవేశిక

కాంతి వస్తువును నెట్టగలదు; తిప్పనూ గలదు. వృత్తీయ ధ్రువణం గల కాంతికి కోణీయ ద్రవ్యవేగం ఉండాలని 1909లో పాయింటింగ్ ఒక యాంత్రిక ఉపమానం ఆధారంగా ఊహించాడు. 1931లో సి.వి. రామన్, సూరి భగవంతం కాంతి పరిక్షేపణ ప్రయోగాలను ఆధారం చేసుకొని ఫోటాన్‌కు స్పిన్ ఉందని వాదించారు. ఆ భగవంతం తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. 1936లో బెత్, సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన తరంగపలకపై కాంతి కలిగించే టార్క్‌ను నేరుగా కొలిచాడు.

ఇదంతా ధ్రువణానికి సంబంధించిన స్పిన్ కోణీయ ద్రవ్యవేగం. ధ్రువణంతో నిమిత్తం లేకుండా, తరంగాగ్రం ఆకారం వల్ల కలిగే కోణీయ ద్రవ్యవేగం మరొకటి ఉంది. 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు అలెన్, బైయర్స్‌బర్గెన్, స్ప్రూ, వూర్డ్‌మన్ దీనిని స్పష్టంగా ప్రతిపాదించారు. లేజర్ శాస్త్రంలో అప్పటికే పరిచితమైన లాగేర్-గౌసియన్ రీతులలోని ప్రతి ఫోటాన్ నిర్దిష్టమైన కక్ష్యా కోణీయ ద్రవ్యవేగాన్ని మోస్తుందని వారు చూపారు. ప్రయోగశాలలో తయారు చేసుకోదగిన పుంజానికి ఈ లక్షణం ఉందని తేలడంతో ఒక కొత్త పరిశోధన రంగం ఏర్పడింది.

2. మెలిక నుండి కోణీయ ద్రవ్యవేగం

సాధారణ లేజర్ పుంజంలో సమాన దశ గల బిందువులను కలిపితే పుంజాక్షానికి లంబంగా, దాదాపు చదునుగా ఉండే తలాలు ఏర్పడతాయి. మెలితిరిగిన పుంజంలో అక్షం చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేసేసరికి దశ 360 డిగ్రీలకు పూర్ణాంక గుణిజంగా మారుతుంది. ఆ పూర్ణాంకాన్ని ఈ వ్యాసంలో మెలిక సంఖ్య అందాం. మెలిక సంఖ్య 1 అయితే తరంగాగ్రం గుండ్రటి మెట్లదారిలా ఒకే అవిచ్ఛిన్న తలం. మెలిక సంఖ్య 3 అయితే మూడు పోగులు కలిపి పురిపెట్టిన తాడులా మూడు తలాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. పురి కుడివైపా, ఎడమవైపా అన్నదానిని మెలిక సంఖ్య గుర్తు తెలుపుతుంది.

ఈ ఆకారం నుండి కోణీయ ద్రవ్యవేగం ఎలా వస్తుందో సరళమైన జ్యామితితో చూపవచ్చు. అక్షం నుండి కొంత వ్యాసార్ధం దూరంలో ఒక వృత్తం గీశామనుకుందాం. ఆ వృత్తం చుట్టివచ్చేసరికి తరంగాగ్రం మెలిక సంఖ్యకు సమానమైన తరంగదైర్ఘ్యాల మేర ముందుకు జరుగుతుంది. కనుక అక్కడ తరంగాగ్రపు వాలు, మెలిక సంఖ్య రెట్ల తరంగదైర్ఘ్యాన్ని వృత్త పరిధితో భాగించగా వచ్చే విలువ. ఫోటాన్ ద్రవ్యవేగం తరంగాగ్రానికి లంబంగా ఉంటుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే దాని పరిమాణం వస్తుంది. ఈ పరిమాణాన్ని వాలుతో గుణిస్తే స్పర్శరేఖ దిశలోని అంశం, దానిని వ్యాసార్ధంతో గుణిస్తే కోణీయ ద్రవ్యవేగం లభిస్తాయి. ఈ గుణకారాలలో తరంగదైర్ఘ్యం, వ్యాసార్ధం రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది మెలిక సంఖ్య, హెచ్-బార్‌ల లబ్ధం మాత్రమే. ప్లాంక్ స్థిరాంకాన్ని పరిధి-వ్యాసార్ధ నిష్పత్తితో భాగించగా వచ్చేదే హెచ్-బార్.

వ్యాసార్ధం కొట్టుకుపోవడమే ఇక్కడ గమనించవలసిన విషయం. వలయం చిన్నదైనా పెద్దదైనా, ప్రకాశం ఏ విధంగా పంపిణీ అయినా, ఒక్కో ఫోటాన్ మోసే కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం దశ చుట్టుకొలతపై ఎన్నిసార్లు పూర్తిగా తిరిగిందన్న ఒక్క అంశంపైనే ఆధారపడుతుంది. కాబట్టి మెలితిరిగిన కాంతిని తయారుచేయడమంటే అక్షం చుట్టూ సమంగా పెరిగే దశను తరంగంపై ముద్రించడమే.

సరిగ్గా అక్షం మీద మాత్రం దశకు ఏ ఒక్క విలువనూ కేటాయించలేము. అందుచేత అక్కడ తీవ్రత శూన్యం కావలసి వస్తుంది. వలయం మధ్య కనిపించే చీకటికి కారణమిదే. ఆ చీకటి మెలిక పర్యవసానమే తప్ప మెలికకు రుజువు కాదు. ఈ భేదం అయిదో విభాగంలో మళ్ళీ అవసరమవుతుంది.

పరిమాణాల అంచనాకు ఒక లెక్క. 632.8 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల 1 మిల్లీవాట్ పుంజం, మెలిక సంఖ్య 1 తో, ఒక కణంలో పూర్తిగా శోషణమైతే దానిపై పనిచేసే టార్క్ సుమారు 3.4 × 10⁻¹⁹ న్యూటన్-మీటర్లు. ఇది అత్యల్పం. అయినా సూక్ష్మకణాలను తిప్పడానికి సరిపోతుంది. 1995లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాంతిని శోషించే కణాలను ఇటువంటి పుంజంతో తిప్పి చూపారు.

3. ఉత్పత్తి సాధనాలు

3.1 సర్పిల దశాపలక

ఇది అన్నింటికంటే సూటియైన మార్గం. చుట్టూ తిరిగేకొద్దీ మందం సమంగా పెరిగే పారదర్శక పలకలో కాంతి ఒక్కో దిక్కున ఒక్కో మేర ఆలస్యమవుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేచోట మందంలో ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టు ఎత్తు, మెలిక సంఖ్య రెట్ల తరంగదైర్ఘ్యాన్ని వక్రీభవన గుణకం నుండి 1 తీసివేయగా మిగిలిన విలువతో భాగిస్తే వస్తుంది. ఫ్యూజ్డ్ సిలికాకు 632.8 నానోమీటర్ల వద్ద వక్రీభవన గుణకం 1.457. అంటే మెలిక సంఖ్య 1 కోసం మెట్టు ఎత్తు సుమారు 1.38 మైక్రోమీటర్లు.

దాదాపు కాంతి అంతటినీ వాడుకోవడం, అధిక శక్తిని తట్టుకోవడం ఈ పలకకు గల బలాలు. ఒక తరంగదైర్ఘ్యానికే కట్టుబడి ఉండటం దీని బలహీనత. అదే పలకపై 532 నానోమీటర్ల పచ్చని కాంతిని పంపితే మొత్తం దశామార్పు 360 డిగ్రీలకు 1.2 రెట్లవుతుంది. ప్రకృతిలో 1.2 అనే మెలిక సంఖ్య గల ఒకే రీతి లేదు. ఆ పుంజం పూర్ణాంక రీతుల అధ్యారోపణంగా విడిపోతుంది. లెక్క వేస్తే సుమారు 87.5 శాతం మెలిక సంఖ్య 1 లోకి, 5.5 శాతం 2 లోకి, 2.4 శాతం 0 లోకి, మిగిలినది ఇతర సంఖ్యలలోకి పోతుంది. ఈ అవాంఛిత భాగాలు వేరే దిక్కుకు పోవు. అసలు పుంజంతో పాటు అదే అక్షంపై ప్రయాణిస్తాయి.

3.2 ఫోర్క్ హోలోగ్రామ్

మెలితిరిగిన పుంజాన్ని, కొద్దిగా వాలిన సమతల తరంగంతో వ్యతికరణం చెందిస్తే వచ్చే గీతల చిత్రం సాధారణ వివర్తన జాలకంలాగే ఉంటుంది. మధ్యలో మాత్రం ఒక గీత పంగలకర్రలా చీలుతుంది. మెలిక సంఖ్య 1 అయితే ఒక గీత రెండుగా, 3 అయితే నాలుగుగా విడిపోతుంది. ఈ చిత్రాన్ని కంప్యూటర్‌తో గీసి దాని గుండా సాధారణ లేజర్ పుంజాన్ని పంపితే, మొదటి వివర్తన క్రమంలో మెలితిరిగిన పుంజం బయటికి వస్తుంది. ఆ పక్క మొదటి క్రమంలో వ్యతిరేక పురి గల పుంజం వస్తుంది. 1990లో బజెనోవ్, వాస్నెత్సోవ్, సోస్కిన్ ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా చూపారు.

నలుపు-తెలుపు గీతల జాలకంలో పడిన కాంతిలో 10.1 శాతమే ఒక్కో మొదటి క్రమంలోకి వెళుతుంది. అవే గీతలను కాంతిని ఆపకుండా దశను మాత్రమే మార్చేలా చేస్తే అది 40.5 శాతానికి పెరుగుతుంది. సామర్థ్యం తక్కువైనా ఈ పద్ధతికి ఒక విశిష్టత ఉంది. ఇందులో దశను నిర్ణయించేది గీతల జ్యామితే తప్ప పదార్థపు మందం కాదు. తరంగదైర్ఘ్యం మారితే వివర్తన కోణం మారుతుంది; మెలిక సంఖ్య మారదు. మూడో క్రమంలో మెలిక సంఖ్య మూడింతలవుతుంది, కాని అది వేరే కోణంలో వెళ్ళిపోతుంది. ఇక్కడ వృథా ఎక్కువ, కల్తీ తక్కువ.

3.3 స్పేషియల్ లైట్ మాడ్యులేటర్

ద్రవస్ఫటిక పొరను చిన్నచిన్న పిక్సెళ్ళుగా విభజించి, ఒక్కో పిక్సెల్ వద్ద దశను కంప్యూటర్ ద్వారా నియంత్రించే తెర ఇది. ఫోర్క్ చిత్రాన్ని క్షణంలో మార్చుకోగలగడం, గీతల లోతును స్థలాన్ని బట్టి సవరించి తీవ్రతను కూడా తీర్చిదిద్దగలగడం దీని సౌలభ్యాలు. పరిశోధనశాలల్లో నేడు ఇది విరివిగా వాడుకలో ఉంది.

పిక్సెళ్ళ మధ్య ఖాళీల వల్ల, క్రమాంకన లోపాల వల్ల కొంత కాంతి ఏ మార్పూ పొందకుండా తిరిగివస్తుంది. తెరపై సర్పిల దశను మాత్రమే చూపితే ఈ కాంతి అసలు పుంజంతో ఒకే దిశలో కలిసిపోతుంది. అప్పుడు మెలిక సంఖ్య 3 గల ఒక్క చీకటి కేంద్రం, మెలిక సంఖ్య 1 గల మూడు కేంద్రాలుగా చీలిపోతుంది. సర్పిల దశకు జాలకాన్ని జోడించి ఫోర్క్ రూపంలో చూపితే, మారని కాంతి శూన్య క్రమంలో ఉండిపోతుంది. కావలసిన పుంజం పక్కకు వస్తుంది. తెర అదే, లేజర్ అదే. లోపానికి వేరే దారి చూపడమే ఇక్కడ జరిగిన మార్పు.

3.4 స్తూపాకార కటకాల జత

లేజర్ కుహరంలో సన్నని తీగను అడ్డుపెట్టి, రెండు తమ్మెలు గల హెర్మైట్-గౌసియన్ రీతిలో లేజర్‌ను పనిచేయించవచ్చు. ఆ రీతిని 45 డిగ్రీలు వంచి, నాభ్యంతరానికి 2 వర్గమూలం రెట్ల దూరంలో అమర్చిన రెండు స్తూపాకార కటకాల గుండా పంపితే శుద్ధమైన లాగేర్-గౌసియన్ రీతి వస్తుంది. లైడెన్ బృందం 1993లో ఈ మార్పిడి సాధనాన్ని విశదీకరించింది. కాంతి నష్టం స్వల్పం. వ్యాసార్ధ దిశలో కూడా రీతి శుద్ధంగా ఉంటుంది. అయితే కోణం 45 డిగ్రీల నుండి తప్పితే వ్యతిరేక పురి గల రీతి అదే పుంజంలో కలుస్తుంది. వలయం సమంగా లేకపోవడం ద్వారా ఈ లోపం బయటపడుతుంది.

3.5 క్యూ-ప్లేట్

1956లో బెంగళూరులో ఎస్. పంచరత్నం, కాంతి ధ్రువణస్థితి ఒక చక్రం తిరిగి మొదటికి వచ్చినప్పుడు అదనంగా ఒక దశ చేరుతుందని చూపాడు. ఆ దశ మార్గపు పొడవుపై ఆధారపడదు. ధ్రువణస్థితి నడిచిన బాటపై ఆధారపడుతుంది. ఈ సూత్రాన్ని వినియోగించి 2006లో ఇటలీలోని నేపుల్స్‌లో మరూచి, మంజో, పపారో క్యూ-ప్లేట్‌ను రూపొందించారు. ఇది ద్రవస్ఫటికంతో చేసిన అర్ధతరంగ పలక. దీని ప్రకాశాక్షం దిశ చోటును బట్టి మారుతూ, కేంద్రం చుట్టూ నిర్ణీత సంఖ్యలో భ్రమణాలు చేస్తుంది. వృత్తీయ ధ్రువణ కాంతి దీని గుండా వెళితే ధ్రువణం తలకిందులవుతుంది. భ్రమణ సంఖ్యకు రెట్టింపు మెలిక సంఖ్య లభిస్తుంది. భ్రమణ సంఖ్య 1 అయినప్పుడు స్పిన్ పోగొట్టుకున్న రెండు హెచ్-బార్‌లు సరిగ్గా కక్ష్యా భాగానికి చేరతాయి. అప్పుడు పలకపై నికర టార్క్ ఉండదు.

తరంగదైర్ఘ్యం తప్పినప్పుడు ఈ సాధనం ప్రవర్తించే తీరు ఆసక్తికరం. మందగమనం సరిగ్గా అర్ధతరంగం కాకపోతే కొంత కాంతి మారకుండా మిగులుతుంది. కాని అది పాత ధ్రువణంలోనే ఉంటుంది. వృత్తీయ ధ్రువణాన్ని వడగట్టే ఏర్పాటుతో దానిని తొలగించవచ్చు. మారిన భాగపు మెలిక సంఖ్య మాత్రం కచ్చితంగా ఉంటుంది.

4. లోపం పోయే దారి, శుద్ధత

పై అయిదు సాధనాలను ఈ దృష్టితో చూస్తే రెండు వర్గాలు కనిపిస్తాయి. ఫోర్క్ హోలోగ్రామ్‌లో లోపం వేరే కోణంలోకి, క్యూ-ప్లేట్‌లో వేరే ధ్రువణంలోకి పోతుంది. రెంటినీ వడగట్టవచ్చు. సర్పిల దశాపలకలో లోపం పొరుగు మెలిక సంఖ్యలలోకి, కటకాల జతలో వ్యతిరేక మెలిక సంఖ్యలోకి పోతుంది. అక్షం ఒకటే, ధ్రువణం ఒకటే గనుక దానిని వేరుచేయడం కష్టం. మాడ్యులేటర్ ఏ వర్గానికి చెందుతుందో దానిని వాడే పద్ధతి నిర్ణయిస్తుంది.

ఈ విభజనకు ఆచరణలో విలువ ఉంది. 2001లో వియన్నాలో మైర్, వజీరి, వైస్, జైలింగర్ ఫోటాన్ జంటల మధ్య కక్ష్యా కోణీయ ద్రవ్యవేగ చిక్కుముడిని చూపారు. 2013లో 1.1 కిలోమీటరు పొడవైన ప్రత్యేక కాంతి తంతువులో మెలితిరిగిన రీతుల ద్వారా సెకనుకు 1.6 టెరాబిట్ల సమాచారాన్ని పంపిన ప్రయోగం ప్రచురితమైంది. ఇటువంటి చోట్ల ఒక్కో మెలిక సంఖ్య ఒక్కో అక్షరం, ఒక్కో మార్గం. పొరుగు సంఖ్యలోకి కారిన 5.5 శాతం కాంతి నేరుగా దోష సమాచారంగా మారుతుంది. సూక్ష్మకణాన్ని తిప్పే ప్రయోగంలోనైతే అదే 5.5 శాతం పెద్ద ఇబ్బంది కాదు. అక్కడ అధిక శక్తి ముఖ్యం. అందుచేత ఉత్తమ సాధనం ఏదన్న ప్రశ్నకు ప్రయోజనాన్ని బట్టే సమాధానం ఉంటుంది.

శుద్ధత అన్న మాటలో రెండు అర్థాలు కలిసిపోతుంటాయి. గౌసియన్ పుంజంపై మెలిక సంఖ్య 1 గల ఆదర్శ సర్పిల దశను ముద్రిస్తే, మెలిక సంఖ్య పరంగా ఫలితం నూటికి నూరు శాతం శుద్ధం. వ్యాసార్ధ దిశలో మాత్రం అది ఒకే లాగేర్-గౌసియన్ రీతి కాదు. అదే నడుము వెడల్పు గల ప్రాథమిక వలయరీతిలో దాని వాటా 78.5 శాతం. నడుమును 2 వర్గమూలంతో భాగించి ఎంచుకుంటే ఆ వాటా 93 శాతానికి చేరుతుంది. రెండో విభాగంలో చూసినట్లు వ్యాసార్ధం కొట్టుకుపోతుంది గనుక కోణీయ ద్రవ్యవేగానికి ఈ తేడా పట్టదు. పుంజాన్ని తంతువులోకి ఎక్కించేటప్పుడు మాత్రం పడుతుంది. పరిశోధన పత్రంలో శుద్ధత శాతాన్ని ఇచ్చేటప్పుడు అది ఏ శుద్ధతో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

5. నిర్ధారణ: వలయం చాలదు

మధ్యలో చీకటి, చుట్టూ వెలుగు. తెరపై ఈ చిత్రం కనిపించగానే మెలితిరిగిన కాంతి వచ్చిందనుకోవడం సహజం. అయితే కోణీయ ద్రవ్యవేగం ఏమీ లేకుండానే ఇదే చిత్రం రావచ్చు. పరస్పర సంబద్ధత లేని రెండు పుంజాలను, ఒకటి మెలిక సంఖ్య +1, మరొకటి −1 గా సమపాళ్ళలో కలిపితే చక్కని వలయం కనిపిస్తుంది. నికర కోణీయ ద్రవ్యవేగం శూన్యం. వ్యాసార్ధీయ ధ్రువణం గల పుంజమూ అంతే. అందులో +1, −1 మెలికలు వ్యతిరేక వృత్తీయ ధ్రువణాలతో సమంగా జతపడి ఉంటాయి. తీవ్రతను మాత్రమే నమోదు చేసే కెమెరాకు ఈ మూడింటి మధ్య భేదం తెలియదు.

భేదం తెలియాలంటే దశను పరీక్షించాలి. మొదటి పరీక్ష వ్యతికరణం. వాలిన సమతల తరంగంతో కలిపితే ఫోర్క్ ఆకారం, గోళాకార తరంగంతో కలిపితే మెలిక సంఖ్యకు సమానమైన భుజాలు గల సర్పిలం కనిపిస్తాయి. సర్పిలం తిరిగే దిశ పురి గుర్తును ఇస్తుంది. రెండో పరీక్షకు వాలుగా పెట్టిన ఒక కుంభాకార కటకం చాలు. 2013లో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ పరిశోధకులు ప్రచురించిన ఈ పద్ధతిలో, నాభి సమీపాన పుంజం కొన్ని వెలుగు పట్టీలుగా విడిపోతుంది. వాటి మధ్యనున్న నల్లని పట్టీల సంఖ్యే మెలిక సంఖ్య; పట్టీలు వాలిన దిశ దాని గుర్తు. మూడో పరీక్ష ధ్రువణ ఫలకం. దానిని అడ్డుపెట్టగానే వలయం రెండు తమ్మెలుగా విడిపోతే, అది ఏకరూప ధ్రువణం గల మెలితిరిగిన పుంజం కాదు.

ఇవి మెలిక సంఖ్యను చెబుతాయి కాని మిశ్రమంలోని వాటాలను చెప్పవు. వాటాలు కావాలంటే, 2010లో ప్రతిపాదించిన లాగ్-ధ్రువ రూపాంతరం వంటి పద్ధతి అవసరం. అది వలయాన్ని సరళరేఖగా విప్పి, ఒక్కో మెలిక సంఖ్యను ఒక్కో స్థానంలో కేంద్రీకరిస్తుంది.

6. కళాశాల ప్రయోగశాలలో

ఈ విషయం ఖరీదైన పరికరాలు గల సంస్థలకే పరిమితం కానక్కరలేదు. ఆఫ్‌సెట్ ముద్రణ కోసం అంగుళానికి 2400 చుక్కల సాంద్రతతో తీసే ఫిల్ముపై ఫోర్క్ చిత్రాన్ని ముద్రించుకోవచ్చు. 10 చుక్కలకు ఒక గీత చొప్పున గీస్తే జాలకపు దూరం సుమారు 0.106 మిల్లీమీటర్లు. 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్‌తో మొదటి క్రమం సుమారు 6 మిల్లీరేడియన్ల కోణంలో వస్తుంది. 3 మీటర్ల దూరంలోని తెరపై అది శూన్య క్రమానికి 18 మిల్లీమీటర్ల ఎడంగా కనిపిస్తుంది. 1 మిల్లీమీటరు వెడల్పు గల పుంజం కింద తొమ్మిది, పది గీతలు వస్తాయి గనుక క్రమాలు స్పష్టంగా విడిపోతాయి. పుంజ కేంద్రం గీత చీలినచోట సరిగ్గా పడాలి. పక్కకు జరిగితే వలయం ఒకవైపు మందమై చంద్రవంకలా మారుతుంది. లేజర్‌ను, ఫిల్ము నుండి ప్రతిఫలించే కాంతిని కంటి మట్టానికి దిగువనే ఉంచాలి.

వలయం కనిపించాక ప్రయోగం ముగిసిందని విద్యార్థిని పంపివేయకూడదు. వాలు కటకాన్ని అమర్చి నల్లని పట్టీలను లెక్కించమనాలి. రెండు మొదటి క్రమాలలో పట్టీలు ఎదురుదిశలలో వాలడం గమనించమనాలి. మెలిక సంఖ్య 2 గల ఫోర్క్‌తో మళ్ళీ చేయించాలి. అప్పుడు విద్యార్థి తీవ్రత నుండి దశను ఊహించడం మాని, దశను కొలవడం నేర్చుకుంటాడు.

7. ముగింపు

మెలితిరిగిన కాంతి ఉత్పత్తి సూత్రం ఒక్కటే. అక్షం చుట్టూ సమంగా పెరిగే దశను తరంగంపై ముద్రించడం. సాధనాలు వేరైనప్పుడు మారేది ఆ ముద్రలోని లోపం పోయే చోటు. వడగట్టగల లోపం సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. వడగట్టలేని లోపం ఫలితాన్నే కల్తీ చేస్తుంది. పరిశోధకులు సాధనాన్ని ఎంచుకునే ముందు ఈ రెండింటిలో తమ ప్రయోగం దేనిని భరించగలదో నిర్ణయించుకోవాలి. ఫలితాన్ని ప్రకటించేటప్పుడు వలయపు ఛాయాచిత్రంతో పాటు దశాపరీక్షనూ, ఏ శుద్ధతను కొలిచారన్న వివరాన్నీ జతచేయాలి. అది లేనిదే పాఠకుడి ముందున్నది మధ్యలో చీకటి గల ఒక వెలుగు మచ్చ మాత్రమే.